గుర్తు ముందే ఇవ్వండి

సంపాదకులకు,

ఓట్ల లెక్కింపు అయిన ప్రతిసారీ ఎర్రజెండా చీలిక పార్టీల గురించి పత్రికల్లో ఒకటే మాట: డిపాజిట్ గల్లంతు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే కట్టిన పది వేలు పోతాయి, నిజమే. కానీ ఆ ఓట్లు ఎందుకు రావో ఎవరూ రాయడం లేదు.

నేను ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పని చేసి మానేసినవాణ్ని. మా పార్టీ చిన్నది, ఎం.ఎల్. (మార్క్సిస్టు-లెనినిస్టు) చీలికల్లో ఒకటి. ఎన్నికలొస్తే గాజువాక నియోజకవర్గంలో వడ్లపూడి, కూర్మన్నపాలెం వైపు ఇంటింటికీ తిరుగుతాం. ప్లాంటు అమ్మకం గురించి చెబితే జనం నిలబడి వింటారు. అంతా విన్నాక "గుర్తేటి బాబూ?" అంటారు. "ఇంకా రాలేదమ్మా" అని చెప్పాలి. ఆ మాట అనేటప్పుడు ఎంత కష్టంగా ఉంటుందో తిరిగినవాళ్లకే తెలుసు.

ఎన్నికల సంఘం గుర్తింపు లేని పార్టీకి నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాకే గుర్తు ఇస్తారు. 2024లో ఆ గడువు ఏప్రిల్ 29, పోలింగ్ మే 13. మూడు లక్షలు దాటిన ఓటర్లకు రెండు వారాల్లో కొత్త గుర్తు చెప్పాలి. ఓటింగ్ యంత్రం మీద పార్టీ పేరు ఉండదు, అభ్యర్థి పేరు, ఫొటో, గుర్తు మాత్రమే. ఒకసారి పోలింగ్ అయ్యాక ఒక ముసలమ్మ ఎంతో ప్రేమగా "మీ పాత గుర్తుకే గుద్దేశాను బాబూ" అంది. ఆ ఏడాది ఆ గుర్తు ఇంకో పార్టీకి వెళ్లింది. ఆమెకు ఏం చెప్పను?

1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినా ఒకరికి కంకి కొడవలి, ఒకరికి సుత్తి కొడవలి నక్షత్రం ఉన్నాయి. 1969 తర్వాత పుట్టిన మాలాంటి పార్టీలకు చాలావాటికి అలాంటిదేమీ లేదు. ఇల్లెందులో ఎం.ఎల్. నాయకుడు గుమ్మడి నర్సయ్య అయిదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు కదా అంటారు. అక్కడ ఊరూరా ఆ మనిషి తెలుసు. ఏటేటా కొత్తవాళ్లు అద్దెకు దిగే గాజువాకలో అది కుదిరే పని కాదు.

అయిదు శాతం సీట్లలో పోటీ చేసే పార్టీకి తన అభ్యర్థులందరికీ ఒకే ఉమ్మడి గుర్తు అడిగే వీలుంది. మన 175 స్థానాల్లో అంటే తొమ్మిది చోట్ల నిలబడాలి. చందాలతో ఒక్కచోట నామినేషన్ వేసేవాళ్లం, తొమ్మిది ఎక్కడ? పైగా ఆరేళ్లుగా ఏ ఎన్నికలోనూ పోటీ చేయలేదని 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం 334 పార్టీలను జాబితా నుంచి తీసేసింది. పోటీ చేసి తీరాలన్నప్పుడు పోటీ చేసే వీలూ కల్పించాలి.

పోయినసారి పోటీ చేసిన రిజిస్టర్డ్ పార్టీకి అదే నియోజకవర్గంలో పాత గుర్తునే ఉంచాలి. అది కుదరకపోతే నామినేషన్ పరిశీలన రోజే గుర్తు ఇవ్వాలి. మీ పత్రిక ఈ విషయం మీద ఎన్నికల సంఘాన్ని అడగాలని కోరుతున్నాను. ఈసారి అభ్యర్థుల జాబితా వేసేటప్పుడు చిన్న పార్టీల గుర్తులు కూడా పక్కనే వేయండి.

— ఒక విశ్రాంత కార్మికుడు, పెదగంట్యాడ, విశాఖపట్నం