కంపెనీ అమ్ముతరు సరే, బ్రాంచిల మూటలెవరు చూస్తరు?

సంపాదకులు గారికి నమస్తే,

ఇన్సూరెన్స్ కంపెనీలు చేతులు మారుడు మామూలైపోయింది. ఎక్సైడ్ లైఫ్ 2022ల హెచ్‌డీఎఫ్‌సీ లైఫ్‌ల కలిసింది, సహారా లైఫ్ పాలసీలు 2023ల ఎస్‌బీఐ లైఫ్‌కు పోయినయి. ఎన్ని కోట్లకు కొన్నరు, షేర్ ఎంత పెరిగింది అని పేపర్లన్నీ రాస్తయి గాని కొనేముందు కాగితాలు ఎట్ల చూస్తరో ఎవ్వరు రాయరు, అందుకే ఈ ఉత్తరం.

నేను నల్లగొండల ఒక ప్రైవేటు ఇన్సూరెన్స్ బ్రాంచిల రికార్డులు చూసేటోణ్ణి. కంపెనీని ఇంకొకలు కొంటున్నరని తెలిసినంక డ్యూ డిలిజెన్స్ మొదలైంది, అంటే కొనేటోళ్లు పైసలు పెట్టేముందు లెక్కలన్నీ తవ్వి చూసుడు. ఆన్‌లైన్ల డేటా రూమ్ అని ఒకటి తెరుస్తరు, దాంట్ల నంబర్లేసి ఫోల్డర్లు పెడతరు, లైసెన్సు కాగితాలు, బోర్డు తీర్మానాలు, యాక్చువరీ రిపోర్టు (ముందుముందు పాలసీలకు ఎంత కట్టాల్సొస్తదో నిపుణుడు ఏసిన లెక్క), రీఇన్సూరెన్స్ ఒప్పందాలు (కంపెనీ తన మీది భారాన్ని ఇంకో కంపెనీ దగ్గర బీమా చేపిచ్చుకున్నయి), పెట్టుబడులు, కోర్టు కేసులు, ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ నోటీసులు. సాల్వెన్సీ, అంటే ఉండాల్సిన మిగులు సొమ్ముల కంపెనీ దగ్గర ఎంత శాతం ఉందనే లెక్క, 150 శాతానికి తగ్గొద్దని రూలు ఉంది కాబట్టి అందరి కన్ను దానిమీదనే. ఆ ఫోల్డర్లయితే పెండ్లిపిల్ల లెక్క ముస్తాబైతయి.

మరి బ్రాంచిని ఏమడిగిండ్రు? బిల్డింగు కిరాయి అగ్రిమెంటు, స్టాఫ్ లిస్టు, ఏజెంట్ల లిస్టు, కుర్చీలు బల్లలు. అంతే! వెనక రూమ్‌ల మూటలు కట్టి పెట్టినయి ఎవ్వరు అడగలే. వాటిల ఏమున్నయంటే నామినీ మార్చమని చేత్తో రాసిచ్చిన అర్జీలు, రిజెక్ట్ చేసిన క్లెయిమ్ ఫైళ్లు, అడ్రస్ దొరకలేదని పోస్ట్‌మ్యాన్ రాసి వాపసు పంపిన రిజిస్టర్డ్ ఉత్తరాలు.

మన దిక్కు ఈ వాపసు ఉత్తరాల బాధ ఎక్కువ. 2016 అక్టోబర్‌ల జిల్లాలు విడిపోయినయి, సూర్యాపేటోళ్ల పాలసీల మీద ఇంకా నల్లగొండ జిల్లా అనే ఉంటది, మక్తల్ పాలసీల మీద మహబూబ్‌నగర్ అని ఉంటది, అది 2019 నుంచి నారాయణపేట జిల్లాల ఉన్నా సరే. ఇగ పాలమూరోళ్లు కూలికి ముంబై, పూణే పోతరు, అక్కడికి పోయినంక ఫోన్ నంబర్ మారుతది, ప్రీమియం నోటీసు ఊర్లె తాళమేసిన ఇంటికి పోయి వాపసు వస్తది. కంప్యూటర్‌ల ఆ పాలసీ ల్యాప్స్ (ప్రీమియం కట్టక ఆగిపోయింది) అని పడుతది, కొనేటోళ్ల లెక్కల అది ముగిసిన ఖాతా, మూటల చూస్తే మాత్రం పాలసీ మళ్ల నడిపించుకుంటమని ఆ ఇంటాయన రాసిచ్చిన అర్జీ ఉంటది. ఎవరూ అడగని పైసలు పదేండ్లు దాటితే సీనియర్ సిటిజన్ల సంక్షేమ నిధికి పోతయి. ఆ తర్వాత కూడా ఆధారాలు చూపి తెచ్చుకోవచ్చు గాని ఆ సంగతి మక్తల్‌ల ఉన్న ముసలమ్మకు ఎవరు చెప్తరు?

ఇది పాలసీదారు బాధే అనుకోవద్దు, కొన్నోళ్లకు కూడ దెబ్బనే. బీమా చట్టంల 45వ సెక్షన్ ప్రకారం మూడేండ్లు దాటినంక ప్రపోజల్‌ల, అంటే పాలసీ తీసుకునేటప్పుడు నింపిన ఫారంల, తప్పు రాసిండని క్లెయిమ్ ఆపనీకి లేదు, మూడేండ్ల లోపల ఆపాలంటే అసలు ప్రపోజల్ ఫారం చేతుల ఉండాలె కదా. అది మూటల చెదలు తింటే రేపు వినియోగదారుల కమిషన్ ముందు ఏం చూపిస్తరు?

ఇంకో మాట, డేటా రూమ్‌ల పెట్టుడంటే ఆధార్ కాపీలు, మెడికల్ రిపోర్టులు అన్నీ తెచ్చి పొయ్యమని కాదు. కంపెనీని చివరికి కొనేది ఒక్కరే గాని ఆ రూమ్ చూసేది బేరానికి వచ్చిన అందరు. పేర్లు, రోగాల వివరాలు కప్పేసి పాలసీ నంబర్ వారీగ ఒక రిజిస్టర్ చేస్తే చాలు, ఎవరికి పైసలు ఇయ్యాలె, ఎవరి నామినీ మార్పు ఎక్కలేదు, ఏ క్లెయిమ్ పంచాయితీల ఉంది, అసలు కాగితం ఏ పెట్టెల ఉంది. అసలు పెట్టె అప్పజెప్పేటప్పుడు రెండు దిక్కులా సంతకాలు కావాలె. మా దగ్గర పెట్టెలు లారీ ఎక్కినయి, ఏ పెట్టెల ఏముందో రాసిన కాగితం మాత్రం లేదు.

లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీలు కలిసేటప్పుడు అదే చట్టం 35వ సెక్షన్ కింద ఐఆర్‌డీఏఐకి రెండు నెలల ముందు నోటీసు ఇయ్యాలె, ఒప్పందం ముసాయిదా, యాక్చువరీ రిపోర్టులు పాలసీదారులు చూసుకునేతందుకు బ్రాంచి ఆఫీసులల్ల కూడ పెట్టాలె. మన జిల్లాల ఏ పాలసీదారుడన్న బ్రాంచికి పోయి అవి చూపెట్టమని అడిగిండా? అవి అక్కడ ఉంటయని తెలిస్తే కద అడిగేది! మీ పేపర్‌ల అసొంటి వార్త వచ్చినప్పుడు కోట్ల లెక్కతో పాటు ఈ ముక్క కూడ రాయండి సార్.

ఐఆర్‌డీఏఐ ఆఫీసు హైదరాబాద్‌లనే ఉన్నది. విలీనానికి సరే అనేముందు ప్రతి బ్రాంచి నుంచి పెండింగ్ కాగితాల లిస్టు సంతకంతో తెప్పించుకోవాలె అని వాళ్లను అడుగుతున్న. అప్పటిదాంక కంపెనీ మారినోళ్లు కొత్త కంపెనీ బ్రాంచికి పోయి అడ్రస్, నామినీ మళ్ల రాసిచ్చి ముద్ర ఏపిచ్చుకోండి, జవాబు రాకపోతే ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వెబ్‌సైటు బీమా భరోసా పోర్టల్‌ల పెట్టండి, అక్కడ కూడ కాకపోతే హైదరాబాద్‌ల పాలసీదారుల ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నడు, ఆయన దగ్గర ఫీజు లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, నల్లగొండ