హీరో ఏం పని చేస్తాడు?

సంపాదకులకు నమస్కారం.

సినిమా విడుదలైన మర్నాటికే మీ పేపర్లో రివ్యూ వస్తుంది. ఫస్టాఫ్ ఎలా ఉంది, ఇంటర్వెల్ పేలిందా, పాటలు ఎవరివి, అన్నీ ఉంటాయి. హీరో పొట్ట పోసుకోవడానికి ఏం చేస్తాడో మాత్రం రాయరు. బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరైనవాణ్ని కాబట్టి నా చూపు ముందు అక్కడికే పోతుంది. ఉండేది చిక్కడపల్లి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లకి నడిచే వెళ్తాను. అక్కడ తప్పిపోయినవి ఇంట్లో టీవీలో.

‘లక్కీ భాస్కర్’ టీవీలో ఆపి ఆపి చూశాను. క్యాషియర్‌ని హీరో చేసిన సినిమా మళ్లీ ఎప్పుడొస్తుందో! ప్రమోషన్ చేజారినప్పుడు దుల్కర్ సల్మాన్ మొహం అచ్చం మావాళ్ల మొహమే. 1992 నాటి హర్షద్ మెహతా షేర్ల కుంభకోణంలో, చేతిలో సెక్యూరిటీలు (బాండ్లు) లేకుండానే, అవి ఉన్నట్టు బ్యాంకులు ఇచ్చే రసీదులు ఎలా తిరిగాయో మామూలు ప్రేక్షకుడికి ఎక్కేలా చెప్పారు దర్శకుడు వెంకీ అట్లూరి. అప్పట్లో మా బ్రాంచిలో ఆ వార్తలు చదివి తల గోక్కున్నవాళ్లే ఎక్కువ. అయితే అందులో క్యాష్ బయటికి వచ్చినంత సులువుగా మా దగ్గర వచ్చేది కాదు. స్ట్రాంగ్‌రూమ్‌కి ఒక తాళంచెవి క్యాషియర్ దగ్గర, ఇంకోటి ఆఫీసర్ దగ్గర. రెండూ పడితేగానీ తలుపు రాదు. సాయంత్రం లెక్కలో పది రూపాయలు తేడా వచ్చిందా, స్పాంజి తడి చేసుకుని కట్టలన్నీ మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాల్సిందే, ఆఖరి బస్సు పోయినా సరే. ఆ టెన్షన్ గనక ఉండి ఉంటే భాస్కర్ అంత లక్కీ అయ్యేవాడు కాదు.

‘కుబేర’ మూడు గంటలు. ధనుష్‌కి వంక పెట్టలేం. బిచ్చగాళ్లని బినామీలుగా పెట్టి వేల కోట్లు తిప్పడం అనే శేఖర్ కమ్ముల ఊహ బాగుంది, అలా జరగదనీ అనను. కాకపోతే మొన్న నా పెన్షన్ ఖాతాకే కేవైసీ అని తిప్పించారు. ఆధార్‌లో ఇంటిపేరుకి ఒక అక్షరం తేడా అట! ఏ బ్యాంకో రాయనులెండి. సినిమాలో ఆ కోట్లు వెళ్లిన కౌంటర్ ఎక్కడుందో చెబితే నేనూ అక్కడికే ఖాతా మార్చుకుంటాను.

వీటన్నిట్లోకీ నాకు బాగా నచ్చింది ‘35 – చిన్న కథ కాదు’. తిరుపతిలో ఒక ఇల్లు, భర్త బస్ కండక్టర్, భార్య పది తప్పిన ఇల్లాలు. కొడుకు కోసం ఆవిడ మళ్లీ లెక్కల పుస్తకం పడుతుంది. సున్నాకి విలువ లేదన్నారు కదా, మరి ఒకటి పక్కన చేరగానే తొమ్మిది కంటే పెద్దదెలా అయిందని పిల్లాడి ప్రశ్న. చెక్కుల మీద సున్నాలు చూసి బతికినవాణ్ని, నాకు భలే ముచ్చటేసింది. ఇంటిపని కూడా పనేనని నివేదా థామస్ ఉపన్యాసం ఇవ్వదు, చేసి చూపిస్తుందంతే. మార్కులతో పిల్లల్ని పిలిచే లెక్కల మాస్టారు ప్రియదర్శి మరీ విలన్ అయిపోయాడని మా ఆవిడ అంటుంది. అలాంటి మాస్టార్లు మాకు చాలామంది ఉండేవాళ్లని నేను.

అదే ప్రియదర్శి ‘కోర్ట్’లో నల్లకోటు వేశాడు. సీనియర్ దగ్గర ఉంటూ సొంత కేసు కోసం ఎదురుచూసే జూనియర్ లాయరు. మా పక్కవాటాలో కుర్రాడిదీ అదే అవస్థ. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయి ‘ఇష్టపడే వెళ్లాను’ అన్నా పోక్సో చట్టం లెక్కలోకి తీసుకోదని మా అపార్ట్‌మెంట్‌లో కొందరికి ఈ సినిమాతోనే తెలిసింది. తీర్పు ఏమొస్తుందో ముందే ఊహించేయొచ్చు. మంగపతిగా శివాజీ చూపు తెరమీద పడగానే మా ఆవిడ హాల్లో కూర్చునే కొంగు సర్దుకుంది, అంతకంటే ఏం చెప్పను?

‘సంక్రాంతికి వస్తున్నాం’లో వెంకటేష్ మాజీ పోలీసు. కాబట్టి నా ప్రశ్న అక్కడ చెల్లదు. ఇన్నేళ్లకి గాయకుడు రమణ గోగుల గొంతు విన్నందుకే టికెట్ డబ్బులు గిట్టాయి. అందులో చిన్నపిల్లాడు బుల్లిరాజు బూతులకి హాలంతా పడీపడీ నవ్వింది. పక్కనున్న నా మనవడూ నవ్వాడు, అదే నచ్చలేదు.

‘లిటిల్ హార్ట్స్’ హీరో ఎంసెట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో ఉంటాడు. చదవకపోవడమే అతని పని. మౌళి ఆ పని చిత్తశుద్ధిగా చేశాడు.

పెద్ద సినిమాల్లో హీరోలు డాన్‌లు, కాదంటే దేవుళ్లు. వాళ్లకి ఒకటో తారీఖు ఉండదు. కనీసం మీ రివ్యూలో రేటింగ్ పక్కన ‘హీరో వృత్తి’ అని చిన్న లైను వేయండి. చోటు చాలకపోతే ఆ కలెక్షన్ల లెక్క తీసేయండి. దాన్ని ఏ క్యాషియరూ టాలీ చేయలేడు.

ఇట్లు,
రిటైర్డ్ బ్యాంకు క్యాషియర్,
చిక్కడపల్లి, హైదరాబాద్