టీచరమ్మ దగ్గర ఫోటోల్లేవు

సంపాదకులకు నమస్కారం.

సెప్టెంబరు 5 వస్తోందని మా కొరుక్కుపేటలో ఒక సంఘం వాళ్లు మంచి టీచర్లకు సన్మానం పెట్టుకున్నారు. తెలుగు టీచర్లలో ఎవరైనా ఉంటే చెప్పమని నన్నూ అడిగారు. అడగడమే తరువాయి, ఒక పేరు చెప్పేశాను. చేతిలో ఫారం పెట్టారు. అందులో ఏడో గడి: ‘కరోనా కాలంలో చేసిన సేవలు. ఫోటోలు, వీడియోలు, పత్రికల కటింగులు జతచేయవలెను.’

ఫారం పట్టుకుని టీచరమ్మ ఇంటికి వెళ్లాను. ఏడో గడి చదివి ఆమె నవ్వేశారు. ‘ఫోటో ఎట్లా తీసేదయ్యా, ఫోను నా చెవి కాడే ఉండె గదా’ అన్నారు. కాఫీ ఇచ్చారు. ఫారం మాత్రం మడిచి నాకే తిరిగి ఇచ్చేశారు. అందుకే మీకీ ఉత్తరం రాస్తున్నాను.

నేను బిన్నీ మిల్లు మనిషిని. 1996లో మిల్లు మూతబడ్డాక కొన్నేళ్లు వాచ్‌మన్‌గా చేసి, మోకాళ్లు మొరాయించాక ఇంటిపట్టున ఉన్నాను. కొడుకు షేర్ ఆటో తోలతాడు. కోడలు బట్టల కంపెనీలో కుట్టుపనికి వెళ్తుంది. 2020 మార్చిలో బళ్లు మూసేనాటికి మా మనవరాలు తెలుగు మీడియంలో మూడో తరగతి. మళ్లీ బడి గడప తొక్కింది 2021 నవంబరు 1న, ఐదో తరగతిలో. మధ్యలో నాలుగో తరగతి అని ఒకటి జరిగిందంటే అది మా మేడమెట్ల మీద, నా ఫోన్లో జరిగింది.

మొదటి కరోనాలో రాయపురం పేరు రోజూ వార్తల్లో ముందుండేది. మేం దాని పక్కనే. వీధి మొగదల రేకులు కొట్టేశారు. కాస్త తెరిచారనుకునేలోగా జూన్ 19 నుంచి నెలాఖరు దాకా మళ్లీ అంతా బంద్. ఆటో నిలిచిపోయింది, కుట్టుపని నిలిచిపోయింది. బియ్యం రేషన్లో వచ్చాయి. ఫోనుకి రీచార్జి ఏ రేషన్ కొట్లో ఇస్తారు?

టీవీలో పాఠాలు లేకపోలేదు. సర్కారు వారి చదువుల చానెల్ కల్వి టీవీ వచ్చేది, పెట్టేవాళ్లం. చెప్పేవాళ్లు బాగానే చెప్పేవారు, కానీ మా పాప కూర్చున్న వేళల్లో వచ్చినవన్నీ తమిళ పాఠాలే. వీధిలో తమిళం గడగడా మాట్లాడే పిల్లే, లెక్కల పాఠం దగ్గర మాత్రం బిక్కమొహం వేసేది. చేతిలో పుస్తకం తెలుగు, చెవిలో మాట తమిళం. ఆ రెంటినీ కలిపేవాళ్లు ఉండాలి కదా.

కలిపింది ఈ టీచరమ్మే. ఆమెకు నాలుగు, ఐదు తరగతులు కలిపి పదిహేడు మంది పిల్లలు. పగటిపూట ఇంట్లో పెద్ద ఫోను ఉన్నది ఆరుగురికే. మిగతావాళ్లవి బటన్ ఫోన్లు, లేదా పెద్ద ఫోనే కానీ నాన్నతోపాటు పనికెళ్లిపోయేవి. అందుకని ఆమె తరగతిని ఫోన్ల లెక్కన విడగొట్టారు. బటన్ ఫోన్ల వాళ్లకి పొద్దున ఏడింటికి, తండ్రులు బయల్దేరకముందే, నలుగురేసి పిల్లల్ని కలిపి కాన్ఫరెన్స్ కాల్. మాలాంటి వాళ్లకి రాత్రి ఎనిమిదిన్నరకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు. వీడియో పంపితే డేటా తినేస్తుందని గొంతు మాత్రమే పంపేవారు. ముందు నాకు మిస్డ్ కాల్ వచ్చేది. ‘తాతగారూ, చార్జి ఉండాదా? పాప అన్నం తినిందా?’ ఈ రెండూ అయ్యాకే పాఠం.

శనివారం శనివారం మాస్కు కట్టుకుని వీధిలోకి వచ్చేవారు. ఇంటి ముందు కొక్కేనికి తగిలించిన సంచుల్లోంచి నోటుపుస్తకాలు తీసుకెళ్లి, ఒకరోజు ఎండలో పరిచి, దిద్ది, మంగళవారానికి తెచ్చి మళ్లీ ఆ కొక్కేనికే తగిలించేవారు. ఎండలో పెట్టి పెట్టి మా పాప లెక్కల పుస్తకం అట్ట తెల్లగా వెలిసిపోయింది. దాన్ని ఫోటో తీసి ఏడో గడిలో అంటించవచ్చేమో.

నా పాత ఫోను ఇంకా ఉంది. అద్దం పగిలింది, చార్జర్ పిన్ను ఒక వంకరలో పట్టుకుంటే తప్ప ఎక్కదు. మొన్న కూర్చుని లెక్కపెట్టాను, ఆమె పంపిన వాయిస్ మెసేజీలు 218 ఉన్నాయి. ఒకదాంట్లో వెనక కుక్కర్ విజిల్, ఇంకోదాంట్లో వాళ్లత్తగారి దగ్గు. భాగహారం చెప్పిన రోజుది ఇలా ఉంది: ‘పదిహేడు ఇడ్లీలు, ఐదుగురు పిల్లోళ్లు. తలా మూడు. రెండు మిగిలినాయి కదా, అవి వండినామెకి. శేషం అంటే అదీ.’ ఆ రాత్రి మా కోడలు వంటింట్లోంచి గట్టిగా నవ్వింది. లాక్‌డౌన్ మొదలయ్యాక మా ఇంట్లో నవ్వు వినబడటం అదే మొదలు.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం వేరే మెసేజీ. ఒకరోజు 84ని 6తో భాగిస్తే 13 అని చెప్పారు. పది నిమిషాలకి ఇంకోటి వచ్చింది. ‘నేనే తప్పు చెప్పినా. 14. కొట్టేసి మళ్లీ రాసుకోండి.’ నేను మిల్లులో పద్దెనిమిదేళ్లు చేశాను. తప్పు నాదేనని చెప్పిన మేస్త్రీని ఒక్కణ్ని చూడలేదు.

ఆమె మాయలు చేశారని నేననను. మా మనవరాలికి ఇప్పటికీ ఎనిమిదో ఎక్కం మధ్యలో నాలుక తడబడుతుంది, తొమ్మిదో తరగతికొచ్చినా. ఇద్దరు పిల్లలు అమ్మానాన్నలతో గూడూరు వైపు సొంతూరికి వెళ్లిపోయి మరి రాలేదు. ఒక కుర్రాడు టూవీలర్ మెకానిక్ షాపులో చేరిపోయాడు. టీచరమ్మ ఆ షాపుకే వెళ్లి, ఓనరుతో పోట్లాడకుండా, మధ్యాహ్నం అన్నం వేళ అరగంట పిల్లాణ్ని అడిగి తీసుకున్నారు. షాపు గట్టు మీదే కూర్చోబెట్టి చదివించేవారు. బడి తెరిచాక వాడు కొన్నాళ్లు వచ్చాడు, కొన్నాళ్లు రాలేదు. ఇప్పుడు ఆ షాపులోనే ఉన్నాడు. బోర్డు మీద ‘పంక్చర్’ అని తెలుగులో కూడా రాశాడు. అది గెలుపో కాదో మీరే చెప్పండి.

అందరు టీచర్లూ ఇలా ఉన్నారనీ అనను. పొద్దున ఒక యూట్యూబ్ లింకు పంపి ‘చూడండి పిల్లలూ’ అని ఊరుకున్నవాళ్లు మాకూ తెలుసు. అలాంటి వాళ్లకి ఫోటోలు బాగానే ఉంటాయేమో, ఆ మాట వదిలేస్తాను.

నేననేది ఈ పద్ధతి గురించి. ఢిల్లీలో ఇచ్చే జాతీయ అవార్డుకు కూడా 2018 నుంచి టీచర్లే స్వయంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. దరఖాస్తు పెట్టడానికి పైవాళ్ల సిఫార్సు అక్కర్లేకుండా చేశారు, అది మంచిదే. 2020లో 47 మందికి, 2021లో 44 మందికి ఇచ్చారు. వాళ్లు అర్హులు కారనే నోరు నాకు లేదు. కానీ ‘నేను మంచి టీచర్ని’ అని తనే రాసుకోవడం మా టీచరమ్మ లాంటివాళ్లకి చేతనవుతుందా? మిల్లులో బోనస్ అడగడానికే మాకు యూనియన్ కావలసొచ్చింది. సన్మానం కోసం మనిషి తనే చేయి చాచాలంటే ఎలా?

తమిళనాడు ప్రభుత్వం ఇచ్చే అవార్డుకు రాధాకృష్ణన్ గారి పేరే పెట్టారు. ఆయన తిరుత్తణిలో తెలుగు మాట్లాడే ఇంట పుట్టినవారు, ఈ ఊళ్లోనే కన్నుమూశారు. 1962లో ఆయన పుట్టినరోజు పండుగ చేస్తామని శిష్యులు వెళ్తే, దాన్ని టీచర్ల రోజుగా చేయండి అన్నారట. అంటే ముందు కదిలింది శిష్యులే. మన ఫారాల్లో మాత్రం శిష్యుల మాటకి ఒక్క గడి లేదు.

సంఘాల వాళ్లు ఏడో గడి తీసేసి, ‘ఈ టీచరు దగ్గర చదువుకున్న ఇళ్ల వాళ్లు రాయవలెను’ అని పెడితే చాలు. మీ పత్రిక చెన్నై పేజీలో ఈ నెలంతా రోజుకి నాలుగు వరసలు కేటాయించినా చాలు. రాయపురం, చాకలిపేట, వ్యాసర్‌పాడి, ఎక్కడెక్కడ తెలుగు పిల్లలు ఫోను పట్టుకుని కూర్చున్నారో అక్కడి తల్లులు రాస్తారు. రాయడం రానివాళ్లు చెప్తే పిల్లలు రాస్తారు. ఇప్పుడు వాళ్లకి రాయడం వచ్చు కదా.

ఇంకో మాట. ఆ రోజుల్లో ఆమె ఫోను రీచార్జీ అంతా జీతంలోంచే పెట్టుకున్నారు. ఎంతయిందని కాఫీ తాగుతూ అడిగాను. ‘అది ఎవురు రాసి పెట్టుకుంటారు’ అన్నారు. ఆమెను వేరే బడికి మార్చాక ఇక్కడి తెలుగు పోస్టు ఏడాదికి పైగా ఖాళీగా ఉంది. శాలువా కప్పేటప్పుడు ఆ సంగతి కూడా ఎవరైనా మైకులో అంటే బాగుంటుంది.

ఫారం నా దగ్గరే ఉంది. ఏడో గడి ఖాళీగానే వదిలేశాను. వెనక పేజీ తెల్లగా ఉంటే అక్కడ మా వీధి వాళ్ల చేత తలా ఒక ముక్క రాయించి సంతకాలు పెట్టిస్తున్నాను. నిన్నటికి పదకొండు అయ్యాయి. సాయంత్రం మెకానిక్ షాపుకి వెళ్లాలి.

ఇట్లు,
ఒక పాత మిల్లు కార్మికుడు,
కొరుక్కుపేట, చెన్నై.