ఏకాండి అని అమ్మి అతుకు వీణ పంపారు, పైగా తప్పు వరంగల్ ఎండదట!

కస్టమర్ కేర్ వాళ్లకు,

హనుమకొండ నుంచి రాస్తున్నాను. పోయిన దసరా ఆఫర్‌లో మా పాప కోసం మీ దగ్గర 36,000 రూపాయలకు వీణ కొన్నాను. "ఏకాండి, పూర్తి పనస కర్ర" అని మీ సైట్‌లోనే కాదు, బిల్లు మీద కూడా ఉంది. ఏకాండి అంటే అతుకు లేకుండా ఒకే మొద్దులో చేసిన వీణ. ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేశాను, మూడుసార్లూ ఒకటే పాట: "మీ దగ్గర ఎండలెక్కువ మేడమ్, కర్ర పగిలితే వారంటీ రాదు."

ఎండ సంగతే ముందు తేల్చుకుందాం. మే నెలలో ఇక్కడ 43, 44 డిగ్రీలు కాస్తుంది, కాదనను. వీణ దండి మీద స్వరాలు పలికించే మెట్ల కింద మైనం మెత్తబడి రెండు మెట్లు జరిగాయి కూడా, దానికి మిమ్మల్ని ఒక్క మాటన్నానా? తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి వేసేదే అది, ఎండకు మెత్తబడుతుంది, అవసరమైతే 24 మెట్లకూ మళ్లీ మేళం కట్టించుకుంటాం, అంటే మైనం వేసి మెట్లు సరిగ్గా అమర్పించుకుంటాం. నా గొడవంతా కర్ర గురించి.

పగులు ఫొటో పంపాను, ఎవరూ తెరిచి చూసినట్టు లేరు. కుండ (గుండ్రటి భాగం), దండి (పొడుగు భాగం) కలిసే చోట, తెల్ల ప్లాస్టిక్ పట్టీ పక్కనే, చుట్టూ ఉంగరం తొడిగినట్టు వచ్చింది. ఒంటి కర్ర ఎండి పగిలితే చార వెంబడి నిలువునా చీలుతుంది గానీ చారకు అడ్డంగా ఇంత నున్నగా విడిపోతుందా? మా వీధి వడ్రంగిని పిలిస్తే ఆయన పట్టీ మెల్లగా లేపాడు, కింద రంపపు పొట్టు కలిపిన జిగురు, దాని కింద అతుకు. ఉలితో లోపలి నుంచి గోరంత చెక్కు తీసి నా అరచేతిలో పెట్టి, "పనస అయితే లోపల పచ్చగుంటదమ్మా, గిది తెల్లగున్నది, పైన రంగేసిండ్రు" అన్నాడు. పనస రానురాను గోధుమరంగుకు తిరుగుతుందని నాకూ తెలుసు, కానీ తెల్లబడుతుందని ఎక్కడా వినలేదు.

అతుకు వీణ చెడ్డదని నేననడం లేదు, మా పాప టీచర్ దగ్గరున్నది అతుకు వీణే, ఏళ్ల తరబడి బాగానే మోగుతోంది. ఆమె కొన్నప్పుడు అతుకు అని చెప్పి, ఆ ధరకే ఇచ్చారు. ఏకాండి అంటే కుండా దండీ ఒకే పనస మొద్దులోంచి తొలిచి తీయాలి, అంత మొద్దు దొరకాలి, పనంతా చేత్తో సాగాలి, ధర అందుకే ఎక్కువ. ఆ ధర మీరు తీసుకున్నారు. ఇంతకంటే కాజీపేటలో రైలెక్కి బొబ్బిలి దగ్గర గొల్లపల్లి పోయి, చేసేవాళ్ల ముందు కూర్చుని కొనుక్కున్నా అయిపోయేది, ఇంట్లో కూర్చుని కొందామన్న బద్ధకం నాదే.

మీరిస్తామన్న 2,000 కూపన్ నాకొద్దు. 36,000 వాపసు ఇవ్వండి, వీణను మీ ఖర్చుతో తీసుకుపోండి, వచ్చిన పెట్టె అటక మీద అట్లాగే ఉంది. 15 రోజులు చూస్తాను. ఆ తర్వాత ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను, 2019 చట్టం ప్రకారం కొన్నవాళ్లు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, మీ ఊరు రానక్కర్లేదు.

వడ్రంగి తీసిన చెక్కులో సగం ఈ కవర్లో పెట్టాను. మీ గోడౌన్‌లో అసలు పనస ఏదైనా ఉంటే పక్కన పెట్టి చూసుకోండి. మిగతా సగం నా దగ్గరుంది.