ఎవిడెన్స్ గదిలో ఏడాది పూర్తయిన సందర్భంగా కృతజ్ఞతలు

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక నగర పోలీసు శాఖలో ప్రాపర్టీ అండ్ ఎవిడెన్స్ టెక్నీషియన్‌గా నా ప్రొబేషన్ ఏడాది గత శుక్రవారంతో ముగిసింది. నిజానికి చేరిన రోజే ఈ మాటలు రాయవలసింది. ఉద్యోగం ఖాయమయ్యేదాకా ఆగమని నాన్నగారు చెప్పడం వల్ల ఆగాను. ఇది నా ఒక్కదాని కష్టంతో వచ్చిన ఉద్యోగం కాదు. ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉందని చెప్పినవారు, నా కాగితాలు సరిచేసినవారు, నా గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పినవారు కలిపి కనీసం పదిమంది ఉన్నారు. వారిలో చాలామంది పేర్లు రాయవద్దన్నారు. చేస్తున్నది పోలీసు శాఖలో పని కాబట్టి నేను కూడా రాయకూడదనే అనుకున్నాను. అందుచేత వరసలతోనే చెబుతాను. ఎవరి మాట ఎత్తానో వారికి తెలుస్తుంది.

పోలీసు శాఖ అనగానే మా అత్తగారి చెల్లెలు తుపాకీ ఇస్తారా అని అడిగారు. మా గదిలో తుపాకులు వందలకొద్దీ ఉన్నాయి గానీ వాటిలో ఒక్కటీ నాది కాదు. నేను యూనిఫారం వేసుకునే పోలీసును కాను, సివిలియన్ ఉద్యోగిని. నేరం జరిగిన చోట దొరికినవి, నిందితుల దగ్గర స్వాధీనం చేసుకున్నవి, రోడ్డు మీద పడి ఉండగా ఎవరో తెచ్చి అప్పగించినవి, చనిపోయిన మనిషి జేబులోంచి తీసి కుటుంబం వచ్చేదాకా భద్రపరచమని ఇచ్చినవి, అన్నీ మా దగ్గరికే చేరతాయి. రాత్రి డ్యూటీ అధికారి తాను తెచ్చిన వస్తువును ప్యాక్ చేసి, సీలు వేసి, గోడలో ఉన్న లాకరులో పెట్టి తలుపు మూసేస్తే అది ఇక ఆయనకు కూడా తెరుచుకోదు. పొద్దున మేము అవతలి వైపు నుంచి తెరిచి, చీటీ మీద ఉన్న వివరాలూ కంప్యూటర్‌లో ఎక్కించిన వివరాలూ సరిపోయాయా, సీలు చెక్కుచెదరకుండా ఉందా అని చూసి, బార్‌కోడ్ అంటించి అరలో సర్దుతాం. ఆ తరువాత అది లేబొరేటరీకి వెళ్లినా, కోర్టుకు వెళ్లినా, డిటెక్టివ్ ఒక్క పది నిమిషాలు చూసి ఇస్తానన్నా, ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు, ఎందుకు, మళ్లీ ఎప్పుడు వచ్చింది అన్నదంతా నమోదు కావాలి. కేసు ముగిశాక సొంతదారుకు అప్పగించడం, ఎవరూ రాకపోతే వేలానికి పంపడం, మాదకద్రవ్యాలను అనుమతితో కాల్చివేయించడం కూడా మా పనే. తుపాకులకు, మాదకద్రవ్యాలకు, డబ్బుకు విడిగా గది, విడిగా తాళం ఉంటాయి. డబ్బునైతే ఇద్దరు కలిసి లెక్కపెట్టనిదే సీలు వేయం.

ఈ ఉద్యోగం సంగతి మొదట నా చెవిన వేసింది కౌంటీ కోర్టు క్లర్కు ఆఫీసులో పనిచేసే అక్కయ్యగారు. మా ఆదివారం తెలుగు బడికి ఉగాది వేడుకల డబ్బు లెక్కలు రెండేళ్లు నేనే చూశాను. పులిహోర పొట్లాలు అమ్మిన చిల్లరను కూడా రెండుసార్లు లెక్కపెట్టి, ఎదుటి మనిషి చేత సంతకం పెట్టించుకొని గానీ పెట్టెలో వేసేదాన్ని కాదు. అందరూ నన్ను చూసి నవ్వేవారు. ఆవిడ మాత్రం నవ్వకుండా, "అమ్మాయ్, ఈ చాదస్తానికి జీతమిచ్చే ఉద్యోగం ఒకటి ఉంది, చూస్తావా?" అన్నారు. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు మందుల కంపెనీలో పనిచేసి, ప్రతి బ్యాచ్ నుంచీ తీసి దాచే శాంపిళ్ల గదిని చూసుకున్న నాకు, పిల్లల కోసం ఏడేళ్లు ఇంట్లో ఉండిపోయాక, నా అనుభవం ఈ దేశంలో ఎవరికి పనికొస్తుందిలే అన్న నిరాశ ఉండేది. ఉష్ణోగ్రత, తేదీ, సంతకం, గడువు, ధ్వంసం చేసినట్టు రికార్డు: నేను అక్కడ రోజూ చేసిన పనులకు ఇక్కడ ఇంకో పేరు ఉందని ఆ ప్రకటన చదివాక అర్థమైంది. అక్కయ్యగారికి నా మొదటి నమస్కారం.

మొదటిసారి పెట్టిన దరఖాస్తు ఆగిపోయింది. తప్పు నాదే. గత పదేళ్లలో ఎక్కడెక్కడ ఉన్నామో నెలలతో సహా రాయమన్నారు. అమెరికా వచ్చిన కొత్తలో ఇల్లు దొరక్క బంధువుల ఇంట్లో ఉన్న నాలుగు నెలలను, అదేం చిరునామాలే అనుకొని నేను వదిలేశాను. ఆ నాలుగు నెలలు ఎక్కడున్నావని వాళ్లు అడిగేసరికి, నేను జవాబు సర్దుకొనేసరికి గడువు దాటిపోయింది. ఆ రాత్రి ఫోనులో నాన్నగారికి చెప్పుకొని ఏడిచాను. ఆయన ఓదార్చలేదు. "రిజిస్టరులో ఖాళీ గడి వదిలితే రేపు కోర్టులో ఎదుటి వకీలు ఆ గడిలోనే కూర్చుంటాడమ్మా" అన్నారు.

మా నాన్నగారు అనకాపల్లి ప్రాంతంలో హెడ్ కానిస్టేబుల్‌గా పదవీ విరమణ చేశారు. చాలా ఏళ్లు స్టేషన్‌లో రికార్డులు రాసే రైటరుగా ఉన్నారు, స్వాధీనం చేసుకున్న వస్తువులను దాచే మాల్‌ఖానా తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. సెలవుల్లో భోజనం క్యారేజీ తీసుకొని వెళ్లినప్పుడు ఆయన పార్శిలు కట్టడం నేను చూసేదాన్ని. వస్తువును తెల్లగుడ్డలో చుట్టి, దబ్బనంతో అంచులు కుట్టి, స్వాధీనానికి సాక్షులుగా ఉన్న మధ్యవర్తులు సంతకాలు చేసిన చీటీని దాని మీద పెట్టి, కొవ్వొత్తి మంట మీద లక్క కడ్డీని కరిగించి, ముడి మీద బొట్టు బొట్టుగా పోసి, అది గట్టిపడేలోపు ఇత్తడి ముద్రను నొక్కేవారు. ముద్రకు అంటుకోకుండా ముందుగా దాన్ని నాలుకతో తడిపేవారు. వస్తువుల వివరాలు చూపే ఫారం 95 రాసి కోర్టుకు పంపితే అక్కడి వస్తువుల రిజిస్టరులో దానికి సి.పి.ఆర్. నంబరు పడేది, విచారణలో సాక్షి గుర్తుపట్టాక అదే ఎం.ఓ. (మెటీరియల్ ఆబ్జెక్ట్, అంటే సాక్ష్యంగా చేర్చిన వస్తువు) 1, ఎం.ఓ. 2 అయ్యేది. ఇక్కడ లక్క లేదు, గుడ్డ లేదు. ఊడదీస్తే ముక్కలు ముక్కలుగా చిరిగిపోయే టేపు ఉంది. ఆ టేపు మీద సగం, సంచి మీద సగం పడేలా మన పొడి అక్షరాలు, తేదీ రాయాలి. రెండింటి ఉద్దేశం ఒకటేనని నాన్నగారే నాకు విడమరిచి చెప్పారు. దరఖాస్తు రెండోసారి పెట్టేముందు వారం రోజుల పాటు రాత్రిళ్లు ఫోనులో కూర్చొని, నా జీవితంలోని ప్రతి నెలనూ నా చేత ఒక పట్టికగా రాయించింది కూడా ఆయనే.

ఆయన చెప్పిన వాటిలో నాకు ఎక్కువ పనికొచ్చింది దాచడం గురించి కాదు, వదిలించుకోవడం గురించి. స్టేషన్ ముందు తుప్పు పట్టే బండ్లను మనమందరం చూసినవాళ్లమే. 2002లో సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి కేసులో సుప్రీంకోర్టు, స్వాధీనం చేసుకున్న వస్తువులను పోలీస్ స్టేషన్‌లో పదిహేను రోజుల నుంచి నెలకు మించి ఉంచనక్కరలేదని, ఫోటోలు తీసి, పంచనామా రాసి, పూచీకత్తుతో సొంతదారుకు ఇవ్వవచ్చని చెప్పింది. ఆ తీర్పు వచ్చాక కూడా మాల్‌ఖానాలు నిండుతూనే ఉన్నాయని ఆయన బాధ. గంజాయి అయితే మరీను. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని ఒకేసారి తగలబెట్టారు. అంత సరుకు అప్పటిదాకా ఎన్ని స్టేషన్లలో ఎంతమంది నెత్తి మీద బరువుగా ఉండి ఉంటుందో అని ఆయన ఆ వార్త చూసి అన్నారు. ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న, గది నిండిపోతే ఏం చేస్తావు అని. కొత్త అరలు కొంటానని నేను అనలేదు. ముగిసిన కేసుల జాబితా తీసి, ఒక్కొక్కదానికి డిస్పోజల్ అనుమతి అడుగుతానని చెప్పాను. ఆ జవాబు నాన్నగారిది.

హైదరాబాద్ కంపెనీ అనుభవాన్ని నిరూపించడం ఇంకో ప్రహసనం. ఆ సంస్థ చేతులు మారింది, పాత ఆఫీసు ఖాళీ అయింది, ఈమెయిళ్లకు జవాబు లేదు. మా అక్క భర్త, బావగారు, మూడు వారాల్లో ఐదుసార్లు తిరిగి, చివరకు నాతో పనిచేసిన పాత మేనేజరును పట్టుకొని, ఆయన చేత ఉత్తరం రాయించి పంపారు. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కిన సంగతి నాకు అక్క తరువాత చెప్పింది. బావగారూ, ఆ రుణం తీరేది కాదు.

పదవీ విరమణ చేసిన ఒక అమెరికన్ పెద్దావిడ గురించి కాస్త ఎక్కువ రాయాలి. ఇరవై ఏళ్లు ఇదే పని చేసి, ఇప్పుడు మా లైబ్రరీలో ఉద్యోగార్థులకు రెజ్యూమెలు దిద్దే స్వచ్ఛంద సేవ చేస్తున్నారు. ఆవిడ నన్ను ఇంటికి పిలిచి, వంటింటి బల్ల మీద సరుకుల దుకాణపు కాగితపు సంచులు పరిచి, పాత చొక్కాను నీళ్లలో ముంచి నా చేతికిచ్చి ప్యాక్ చేయమన్నారు. నేను చప్పున ప్లాస్టిక్ సంచి అందుకున్నాను. రక్తం అంటిన తడిబట్టను ప్లాస్టిక్‌లో కడితే తేమ లోపలే నిలిచి బూజు పడుతుందని, డీఎన్‌ఏ పాడైపోతుందని, ముందు ఆరబెట్టి ఆ తరువాతే కాగితంలో చుట్టాలని నేను ఆ రోజు నేర్చుకున్నాను. అలాగే సూదులు, కత్తులు గుచ్చుకోని గొట్టాల్లో పెట్టాలి; తుపాకీ ఖాళీగా ఉందని కళ్లకు కనబడేలా లోపలి నుంచి ప్లాస్టిక్ పట్టీ దూర్చి కట్టాలి.

ఆవిడ పాఠాలన్నీ కేసులతోనే నడిచేవి. అరిజోనాలో ఒక బాలుడిపై లైంగిక దాడి కేసులో లారీ యంగ్‌బ్లడ్ అనే మనిషికి 1985లో శిక్ష పడింది. బాధిత బాలుడి బట్టలను పోలీసులు ఫ్రిజ్‌లో పెట్టకపోవడం వల్ల వాటి మీద సరైన పరీక్షలు చేయడం కుదరలేదు. దురుద్దేశంతో పాడుచేశారని రుజువైతే తప్ప అది హక్కుల ఉల్లంఘన కాదని 1988లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2000లో, మెరుగైన పద్ధతులు వచ్చాక, ఆ ఆధారాల మీదే డీఎన్‌ఏ పరీక్ష చేస్తే అతను ఆ నేరం చేయలేదని తేలింది. టెక్సస్‌లో మైకేల్ మార్టన్ కథ దీనికి ఎదురుగా నిలుస్తుంది. భార్యను చంపాడని 1987లో శిక్ష పడి, సుమారు పాతికేళ్లు జైలులో ఉన్న ఆయన 2011లో బయటికి రావడానికి కారణం ఇంటి దగ్గర దొరికిన ఒక చేతి రుమాలు. దాని మీద ఆమె రక్తంతో పాటు వేరొక మగమనిషి డీఎన్‌ఏ ఉంది. "ఆ రుమాలును అన్నేళ్లూ ఎవరో ఒకరు అరలో లెక్కపెడుతూనే ఉండి ఉంటారు, వాళ్ల పేరు ఎవరికీ తెలియదు" అని ఆవిడ అన్నారు. ఇంతలోనే, 2024లో న్యూ ఆర్లియన్స్ పోలీసు అధిపతి తమ ఎవిడెన్స్ గదిలోని గంజాయిని ఎలుకలు తింటున్నాయని నగర కౌన్సిల్‌కు చెప్పిన సంగతి గుర్తుచేసి పడీపడీ నవ్వారు. 2022లో మన మథుర పోలీసులు 500 కిలోలకు పైగా గంజాయిని ఎలుకలు తినేశాయని కోర్టుకు చెప్పారని నేనన్నాను. ఆవిడ చాలాసేపు నమ్మలేదు.

రెండోసారి దరఖాస్తు ముందుకు సాగాక వేలిముద్రలు, మత్తుమందు పరీక్ష, అబద్ధమాడుతున్నామేమో చూసే పాలిగ్రాఫ్ పరీక్ష, ఆ తరువాత ఇరుగుపొరుగు విచారణ. విచారణ అధికారి ఆరుగురితో మాట్లాడారు. వారిలో మా పక్కింటి పిన్నిగారు, వారి కుక్క మా తోటలోకి వచ్చినందుకు నేను ఒకసారి గట్టిగా అరిచానని కూడా చెప్పారట. ఆ మాట చెప్పి నా ముఖం చూడలేక రెండు రోజులు తలుపు తీయలేదు. పిన్నిగారూ, మీరు అలా చెప్పడమే నాకు మేలు చేసింది. మంచి తప్ప ఇంకేమీ చెప్పని సాక్షిని ఆ అధికారి నమ్మేవారు కాదేమో.

చేరాక కూడా సాయం ఆగలేదు. ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఫర్ ప్రాపర్టీ అండ్ ఎవిడెన్స్ నిర్వహించే రెండు రోజుల శిక్షణకు నేను వేరే ఊరు వెళ్లినప్పుడు, మావారికి సెలవు దొరకకపోతే, తెలుగు బడి తల్లులు ముగ్గురు వంతులు వేసుకొని మా పిల్లలను చూసుకున్నారు. మూడో వారంలో నేను ఒక కవరుకు టేపు వేసి, దాని మీద పొడి అక్షరాలు రాయడం మరిచిపోయాను. మా సూపర్‌వైజర్ ఆ కవరు తెచ్చి నా ముందు పెట్టి, "ఈ సీలు ఎవరిది?" అని మాత్రమే అడిగారు. చప్పుడు చేయకుండా అప్పుడే రాసేద్దామని చెయ్యి పెన్ను మీదికి వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను. ఏ సమయానికి ఎలా మరిచిపోయానో నివేదిక రాసి, ఆవిడ సమక్షంలో పాత టేపు మీదే కొత్త టేపు వేసి, ఆ రోజు తేదీతో సంతకం చేశాను. ఆవిడ కోప్పడలేదు, ఆ నివేదిక నా ఫైలులో ఉంది, ఉండాలి కూడా.

మనవాళ్లలో ఎవరికైనా ఈ పని మీద ఆసక్తి ఉంటే, నగరాల, కౌంటీల ఉద్యోగ ప్రకటనల్లో ఎవిడెన్స్ టెక్నీషియన్, ప్రాపర్టీ రూమ్ స్పెషలిస్ట్, ప్రాపర్టీ కస్టోడియన్ వంటి పేర్లతో వెతకండి. చాలా చోట్ల హైస్కూలు చదువు, డ్రైవింగ్ లైసెన్స్, బరువులెత్తగల ఒళ్లు ఉంటే చాలంటారు. స్టోర్స్, లేబొరేటరీ, బ్యాంకు క్యాషు అనుభవం కలిసొస్తుంది. నేను గ్రీన్‌కార్డు వచ్చాకే దరఖాస్తు పెట్టాను. ఎవరికి అర్హత ఉందో ప్రకటనలోనే చూసుకోవాలి. వాసన భరించాలి, ఒక్కోసారి చిన్నపిల్లల బట్టలు చేతికి వస్తాయి, అది కూడా భరించాలి. చిరునామాల పట్టిక నింపడంలో సాయం కావలసినవారు శనివారం ఉదయం లైబ్రరీకి వస్తే నేను కూర్చొని రాయిస్తాను. బంధువుల ఇంట్లో ఉన్న నెలలు మరిచిపోకండి.

పెద్దావిడ అభ్యాసానికని ఇచ్చిన టేపు చుట్ట, సగం వాడినది, ఇంకా నా దగ్గరే ఉంది. ఈ ఆదివారం అరిసెలతో పాటు తిరిగి ఇచ్చేస్తానని ఫోను చేస్తే, ముట్టినట్టు సంతకం ఎక్కడ పెట్టాలో గీత గీసి మరీ తెమ్మన్నారు.