ఆ రంగులు ప్రెస్సు వేసినవి కావు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాతకాలపు పక్షి చిత్రాల మీద వచ్చిన వ్యాసం చదివాను. అమెరికా పక్షి చిత్రకారుడు జాన్ జేమ్స్ ఆడుబాన్ 'బర్డ్స్ ఆఫ్ అమెరికా'లోని హమ్మింగ్‌బర్డ్ బొమ్మను అంత పెద్దగా వేసినందుకు చాలా సంతోషం. కానీ దాని కింద 'కలర్ ప్రింటింగ్ తొలి రోజుల నాటి చిత్రం' అని రాశారు. అది సరికాదు. ఆ కాగితం మీద అచ్చు యంత్రం వేసింది దాదాపుగా నలుపు ఒక్కటే. ఆకుపచ్చ, ఎరుపు, నారింజ అన్నీ మనుషులు కూర్చుని, కుంచె పట్టి, ఒక్కో కాగితానికీ విడిగా వేసినవి.

నేను చాలా ఏళ్లు ఒక ఫొటో స్టూడియోలో నలుపు తెలుపు ఫొటోలకు చేత్తో రంగులు వేశాను. కలర్ ఫిల్మ్ వచ్చాక ఆ పని పోయింది. కళ్లు మాత్రం ఆ పనికే అలవాటు పడి ఉన్నాయి. ఇలాంటి బొమ్మ ఎదురైతే రంగు ఎక్కడ ఆగింది, ఎక్కడ గీత దాటింది, ఎక్కడ రెండోసారి పూశారు అని వెతుక్కుంటాయి.

ఆ పుస్తకంలో అది 47వ ప్లేటు, అంటే 47వ అచ్చు బొమ్మ. బాకాల్లాంటి పూలు పూసే తీగ చుట్టూ పది పక్షులు. రాగి రేకు మీద గీతలు చెక్కి, ఆసిడ్‌తో లోతు చేసి, సిరా పట్టించి, తడిపిన కాగితాన్ని దాని మీద పెట్టి ఒత్తితే నల్లటి అచ్చు దిగుతుంది. రెక్కల కింద నీడ, ఆకు మడతలో చీకటి అప్పటికే సన్నటి నల్ల చుక్కలుగా కాగితం మీదికి వచ్చేస్తాయి. రంగు వేసే మనిషి ఆ నీడను చెడగొట్టకూడదు. ఆ పనిలో కష్టమంతా అక్కడే ఉంది. రంగు నీళ్లలా పల్చగా పడాలి, కింది చుక్కలు పైకి కనబడుతూనే ఉండాలి. కాస్త చిక్కనైతే చాలు, చెక్కినవాడి పనంతా మూసుకుపోయి పక్షి మైనపు ముద్దలా తయారవుతుంది. ఫొటోలోనూ ఇంతే. బుగ్గ మీద నీడ ఫొటోలోనే ఉంటుంది, మేం వేసే రంగు దాన్ని కప్పకూడదు. ఒక పూత ఆరకుండా రెండోది వేస్తే రెండూ కలిసిపోయి మరక మిగులుతుంది. తొందరపెట్టే యజమానికి ఇది ఎంత చెప్పినా ఎక్కదు.

ఇక మగపక్షి గొంతు. ఆ కెంపు మెరుపు ఏ రంగు డబ్బాలోనూ దొరకదు. ఈక లోపలి అతి సన్నని పొరల మీద వెలుగు పడి తిరిగి రావడం వల్ల పుట్టే మెరుపు అది. పక్షి తల ఇటు తిప్పితే ఎర్రగా మండుతుంది, అటు తిప్పితే అదే గొంతు నల్లగా ఉంటుంది. కాగితం మీద ఏదో ఒక క్షణాన్నే ఎంచుకోవాలి. పైగా హమ్మింగ్‌బర్డ్‌లు ఉండేది అమెరికా ఖండాల్లోనే. ఆ పుస్తకం చాలావరకు తయారైన లండన్‌లో ఆ రంగులు వేసినవాళ్లు బతికున్న పక్షిని చూసే వీలే లేదు. ముందు పెట్టిన మాదిరి కాగితాన్ని చూసుకుంటూ వేయాల్సిందే. తర్వాత 1849 నుంచి 1861 దాకా హమ్మింగ్‌బర్డ్‌ల మీద అయిదు సంపుటాలు తెచ్చిన ఇంగ్లండు పక్షి నిపుణుడు జాన్ గూల్డ్ ఆ మెరుపు కోసం బంగారు రేకు అంటించి, దాని మీద పారదర్శకమైన రంగు పూయించాడు. అవి రాగి రేకు అచ్చులు కావు, రాతి మీద గీసి తీసిన లిథోగ్రాఫులు. 360 ప్లేట్లు, వాటికీ చేత్తోనే రంగులు. గూల్డ్ కూడా బతికున్న హమ్మింగ్‌బర్డ్‌ను చూసింది 1857లో అమెరికా వెళ్లినప్పుడే. అప్పటికే ఆ పుస్తకం సగానికి పైగా వచ్చేసింది.

మీ వ్యాసంలో ఆడుబాన్ పేరు చాలాసార్లు వచ్చింది. ఆ ప్లేట్లు చెక్కి అచ్చు వేయించిన లండన్ చెక్కుడు పనివాడు హావెల్ పేరు ఒక్కసారీ లేదు. 1826 చివర్లో ఈ పుస్తకం పని ఎడిన్‌బరోలో విలియం లిజార్స్ అనే చెక్కుడు పనివాడి దగ్గర మొదలైంది. అక్కడ రంగులు వేసేవాళ్లు సమ్మెకు దిగడంతో పని ఆగిపోయింది. ఆడుబాన్ లండన్ వెళ్లి హావెల్ తండ్రీకొడుకుల చేతికి అప్పగించాడు. 1838కి మొత్తం 435 ప్లేట్లు పూర్తయ్యాయి. పూర్తి సెట్లు 200 లోపే అయినా లెక్క వేస్తే వేల మీద వేల కాగితాలు. హావెల్ దగ్గర దాదాపు 50 మంది రంగులు వేసేవారంటారు. ఆ కాలంలో ఇలాంటి రంగుల గదుల్లో ఆడవాళ్లు, చిన్న పిల్లలు కూడా పనిచేసేవారు. వాళ్ల పేర్లు మనదాకా రాలేదు. చేయి ఆపితే ఆడుబాన్ అంతటివాడు ఊరు మారాల్సి వచ్చింది కదా, అలాంటివాళ్ల పనిని 'ప్రింటింగ్' అనేస్తే నాకు మనసొప్పలేదు.

మరో మాట. మీరు బొమ్మలో పక్షులను మాత్రం ఉంచి చుట్టూ కత్తిరించారు. తీగ సగం పోయింది. ఆ పువ్వు గొట్టం పొడవును, దాంట్లోకి దూరే ముక్కు పొడవును పక్కపక్కన చూపించేది ఆ తీగే కదా! ఆ పుస్తకంలో 50 దాకా బొమ్మల్లో మొక్కలు గీసింది జోసెఫ్ మేసన్ అనే కుర్రవాడు. 1820లో ఆడుబాన్ వెంట బయల్దేరేనాటికి అతనికి 13 ఏళ్లు. ప్లేట్ల మీద అతని పేరు వేయలేదు. ఇప్పుడు మొక్కలనూ కత్తిరిస్తే అతను ఉన్నాడన్న గుర్తు కూడా మిగలదు.

బొమ్మతో పాటు అడుగున ఉన్న చిన్న అక్షరాల వరుస కూడా ఎగిరిపోయింది. ఆ ప్లేట్ల కింద ఎడమవైపు గీసినది ఆడుబాన్ అని, కుడివైపు చెక్కి, అచ్చు వేసి, రంగులు వేసినది ఆర్. హావెల్ అని ఉంటుంది. మూడు పనులకు మూడు మాటలు. యాభై మంది పేర్లు లేకపోయినా, రంగులు వేయడం కూడా ఒక పనేనని వాళ్లు అచ్చులో ఒప్పుకున్నారు.

పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ తన దగ్గరున్న సెట్టును పూర్తిగా స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టింది. గూల్డ్ సంపుటాలు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉచితంగా దొరుకుతాయి. ఈసారి బొమ్మ అక్కడి నుంచి తీసుకుని, సైజు తగ్గినా సరే, నాలుగు అంచులతో, అడుగు వరుసతో వేయండి. కింద 'రాగి రేకు అచ్చు, చేత్తో వేసిన రంగులు' అని ఒక్క ముక్క రాయండి.

ఇట్లు,
ఒకప్పటి ఫొటో కలరిస్టు, మీ పాఠకుడు