మైకు బ్యాటరీలతో పాటు

నెల్లూరు,
శనివారం రాత్రి

అమ్మణ్ణీ,

ఫోన్‌లో చెప్తే "సరే నాయనా, సరే" అని పెట్టేస్తావు. అందుకే కార్డ్‌లెస్ మైకు బ్యాటరీలు తెచ్చే పిల్లోడి చేతికి ఈ కాగితం ఇచ్చి పంపిస్తున్నా. రెండోరోజు కార్యక్రమం మొదలుపెట్టేలోపల చదువు.

పెద్దోళ్ల పెత్తనం లేకుండా పిల్లకాయలే చందాలు పోగేసి, గుడ్డ మీద రంగులతో బ్యానర్ రాసి సాహిత్యోత్సవం చేయడం చూస్తే కడుపు నిండింది. మీవాళ్లు నన్ను "మైక్ అంకుల్" అంటుంటే నువ్వు "మా నాయన" అని చెప్పినావు చూడు, అది ఇంటికొచ్చి మీ అమ్మకు రెండుసార్లు చెప్పా.

ఇక అసలు సంగతి. పెళ్లిళ్లు, దినాలు, ఎలక్షన్ మీటింగులు, ముప్పై ఏళ్లుగా షామియానాలు వేస్తున్నా. జనం ఎప్పుడు లేస్తారో నాకు తెలుసు. ముఖ్య అతిథి కారెక్కంగానే సగం కుర్చీలు ఖాళీ. ఫోటోల కోసం వచ్చినోళ్లు ఆయన వెనకే పోతారు. ఇక మిగిలేది పాడేవాళ్లూ, చదివేవాళ్లూ, వాళ్ల స్నేహితులూ. ఇవాళా అంతే. జ్యోతి వెలిగించడం, శాలువాలు, జ్ఞాపికలు, వీటికే పదకొండున్నర అయింది. తిక్కన గారి మీద ఆయన ముప్పావుగంట మాట్లాడాడు. భారతంలో 15 పర్వాలు మన నెల్లూరాయనే తెలుగు చేశాడని మూడుసార్లు చెప్పాడు. మంచిదే. కానీ సాయంత్రం మీ సెకండియర్ పిల్లోడు రెండు నిమిషాల్లో చెప్పిన గురునాథుడి కథకు టీ పోసేవాడు కూడా కెటిల్ పట్టుకుని నిలబడిపోయినాడు. తిక్కన చెప్తుంటే కుమ్మరి గురునాథుడు రాస్తున్నాడంట. ఒకచోట పద్యం తట్టక "ఏమి సెప్పుదుం గురునాథా" అని తిక్కన వాపోతే, ఆయన దాన్నే రాసేసినాడంట. ఛందస్సు కుదిరిందంట, సెప్పుదున్ చివరి న్ ద్రుతం, దాని మీద క కాస్తా గ అవుతుంది కాబట్టి కురువంశపు రాజా అనే అర్థంలో కురునాథా అని ధృతరాష్ట్రుడికీ సరిపోయిందంట. ఆ సంధి పదో తరగతిలో బట్టీ పట్టినా గానీ, ఇన్నాళ్లకు దాని రుచి తెలిసింది. నాకు మాత్రం తిక్కన కన్నా ఆ రాసినాయనే నచ్చినాడు. మైకోడిని కదా.

ఆ తర్వాత కందుకూరు వైపు పాప కవిత చదివింది. అప్పటికి ఆరూముక్కాలు. లెక్కపెట్టినా, పంతొమ్మిది మంది ఉన్నారు. బస్సులకని మిగతావాళ్లు పోయినారు. మా పిల్లోళ్లు అలవాటు కొద్దీ వెనక వరసల కుర్చీలు ఒకదానిలో ఒకటి దించుతున్నారు, టకటకా టకటకా. ఆ పాప ఆగలేదు. పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ ముందు నులకమంచం మీద నాయన కునుకు తీస్తా, మధ్యమధ్య లేచి పొయ్యిలో కట్టె తోసి, వేడి ఎంతుందో చూసుకునే సంగతి చదువుతోంది. నిద్రలో కూడా ఆయన చెయ్యి కట్టె కోసం తడుముకుంటుందని చెప్పింది. అప్పుడు తిరిగి చూసి, చేత్తో మావాళ్లను ఆపినా. అప్పటికే ఆలస్యమైంది.

రేపు వరస మార్చండి. పొద్దున్నే, శాలువాల కంటే ముందు, మీ పిల్లకాయల్ని చదివించండి. అతిథులు కూర్చుని వింటారు. వినలేని అతిథి అయితే అంత దూరం నుంచి పిలిపించడం దేనికి? ఎవరన్నా నొచ్చుకుంటే మైకు సర్దడం లేటయిందని నా మీద చెప్పు.

ఇంకో మాట. మైకు నోటికి గుప్పెడు దూరంలో పెట్టుకోమను, బాక్సుల ముందుకు తీసుకుపోవద్దను. ఇవాళ కుయ్యిమన్నది అందుకే. నువ్వు చెయ్యి ఊపేదాకా కుర్చీ ముట్టుకోవద్దని మావాళ్లకు గట్టిగా చెప్పినా.

ఆ పాప రేపు కూడా వస్తే మళ్లీ ఒకసారి చదవమను. మొదటి పంక్తులు నాకు వినపడలా.

మీ నాయన